సీమ మిద్దెలో పెద్దదిక్కు

కోడి ఇంకా కూయలేదు. కోవెలకుంట్ల వైపు నల్లరేగడి పల్లెలో, ఒక మట్టిమిద్దె దొడ్డివాకిట్లో మీరు నిలబడి ఉన్నారు. 1991 ఎండాకాలం. తలవాకిలి వైపు నుంచి రాకపోవడమే మంచిదైంది. అక్కడ అరుగు మీద ఇద్దరు కాపలా ఉన్నారు, కొత్త మొగం కనబడితే లేచి నిలబడతారు. ఇటువైపు ఎవరూ ఆపరు. వంగి లోపలికి రండి, ద్వారబంధం తలకు తగులుతుంది.

వంటింట్లో మూడు పొయ్యిలు మండుతున్నాయి. ఒకదాని మీద పెద్ద డేగిసాలో ఎసరు, రెండోదాని మీద పెనం. మూడో పొయ్యి పక్కన వేయించిన శెనక్కాయలూ ఎండుమిరపకాయలూ ఊరిబిండికోసం చల్లారుతున్నాయి. ఇద్దరు ఆడమనుషులు జొన్నరొట్టెలు తడుతున్నారు. పొగ గవాచిలోంచి పైకి పోతోంది. ఆ గవాచిలోంచే మిద్దెపైన పడుకున్న మగవాళ్ళ దగ్గులు కిందికి వినబడుతున్నాయి.

గుమ్మం పక్కన పీట మీద కూర్చున్నావిడ ఈ ఇంటి కోడలు. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో పని లేదు, చెవులు మాత్రం మిద్దెపైనే ఉన్నాయి.

"రాత్రి ఎంతమంది దిగినారబ్బీ?" అని నీళ్ళ బిందె దించుతున్న పిల్లవాణ్ణి అడుగుతుంది.

"పద్దెనిమిది మందమ్మా. తెల్లారేలోపల ఇంకా ఆరుమంది వస్తారంట."

"యాడ నుంచి?"

వాడు తల వంచుకుంటాడు. చెప్పడు. ఆమె మళ్ళీ అడగదు. "ఇంకో రెండు శేర్లు పిండి తీయండమ్మే" అని రొట్టెలు తట్టేవాళ్ళకు చెబుతుంది.

ఈ ఇంట్లో మామూలుగా తినేది పన్నెండు మంది. అదనంగా ఇరవై నాలుగు మందికి రొట్టెలు కావాలంటే ఏదో జరగబోతోందని ఆమెకు తెలుసు. వేటకొడవళ్ళు ఎక్కడ దాచారో ఆమెకు చెప్పరు. నాటుబాంబులు ఏ వామిలో ఉన్నాయో చెప్పరు. మగవాళ్ళు పడసాలలో గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. అయినా ఊళ్ళో పోలీసుల కంటే ముందు, ఎదుటి పార్టీ వాళ్ళ కంటే ముందు లెక్క తెలిసేది ఈ వంటింటికే.

ఈ ఊరికి పేరు పెట్టడం లేదు, ఈ అమ్మకూ పేరు పెట్టడం లేదు. రాయలసీమలో, కర్నూలు, కడప జిల్లాల్లో ఇలాంటి మిద్దెలు ఉన్నాయి. ఒక్కోదానిలోంచి ఒక్కో గోడ తెచ్చి కట్టిన ఇల్లు ఇది. ఇకమీద నేను పేరు పెట్టి చెప్పే మనుషులు, ఊళ్ళు, తేదీలు మాత్రం నిజమైనవే.

*

ఎండ ఎక్కింది. మగవాళ్ళు తినేసి బయటికి వెళ్ళారు. ఇప్పుడు పడసాలలోకి రండి. దూలాల కింద చల్లగా ఉంది, కాళ్ళ కింద నాపబండలు. ఆమె గోడవార చాప మీద కూర్చుంది. ముందు ఒక ట్రంకుపెట్టె, పక్కన పొడుగాటి లెక్కల పుస్తకం.

మొదట వచ్చింది ఒక పడుచు పిల్ల. చంకలో బిడ్డ. మొగుడు కడప జైల్లో ఉన్నాడు. "ములాఖత్‌కు పోవల్లమ్మా, చార్జీలకు లేవు" అంటుంది. ఆమె డబ్బు తీసి లెక్కపెట్టి ఇస్తుంది. "బిడ్డకు జొరం తగ్గిందా?" అని అడుగుతుంది. తర్వాత వచ్చిన ముసలాయన కొడుకు రెండేళ్ళ కింద ఈ ఇంటికోసమే చచ్చిపోయాడు. ఇప్పుడు ఆ కొడుకు కూతురి పెళ్ళి కుదిరింది. ఆయన ఏమీ అడగడు, గుమ్మం దగ్గరే నిలబడతాడు. "లోపలికి రా చిన్నాయనా, ముహూర్తం ఎప్పుడు పెట్టినారు?" అని ఆమే పిలుస్తుంది.

ఆ పుస్తకంలోకి ఒకసారి తొంగి చూడండి. ఎవరి ఇంటికి ఎన్ని బస్తాల జొన్నలు పోయాయి, ఏ కేసులో ఎవరికి బెయిలు రావాలి, ఏ వాయిదా ఏ తారీఖున ఉంది, వకీలుకు ఎంత బాకీ. ఫ్యాక్షన్ అంటే మనకు బాంబు పొగ గుర్తొస్తుంది. దాని అసలు పునాది ఈ పుస్తకంలో ఉంది. నాయకుడి కోసం కొడవలి పట్టేవాడికి ఒక మాట ఉంటుంది: నువ్వు జైలుకు పోతే నీ ఇల్లు మేం చూస్తాం, నువ్వు చస్తే నీ బిడ్డల పెళ్ళి మేం చేస్తాం. కాగితం మీద రాయని ఆ మాట మీద నమ్మకంతోనే మనుషులు ప్రాణాలకు తెగించారు. అలా తెగించినవాళ్ళు ఎక్కువమంది భూమి లేనివాళ్ళు, తక్కువ కులాలని పిలిపించుకున్నవాళ్ళు. మాట ఇచ్చేది మగవాడు. నిలబెట్టేది ఈ చాప మీద కూర్చున్న మనిషి.

ట్రంకుపెట్టెలో డబ్బు పొలం మీద వచ్చింది కాదు. వాన పడితే పంట, లేకుంటే లేదు అన్న నేల ఇది. కె.సి. కాలువ కింద కొన్ని ఊళ్ళు పచ్చగా ఉంటాయి, మిగతావి మొగులు వైపు చూస్తాయి. ఆ నేల ఇంతమందిని పోషించలేదు. పోషించింది సారా పాటలు, కాలువ పనులు, రోడ్డు కాంట్రాక్టులు, బేతంచెర్ల వైపు బండల గనులు, కడప జిల్లా మంగంపేట దగ్గర ముగ్గురాయి. టెండరు వేసే రోజు రెండో మనిషి ఆఫీసు గడప తొక్కకుండా చూసుకోగలిగినవాడికి ఇవన్నీ దక్కేవి. అందుకు మంది కావాలి. మందిని నిలుపుకోవడానికి డబ్బు కావాలి. డబ్బుకు మళ్ళీ టెండరు కావాలి. తాతల నాటి పగ అని బయటివాళ్ళు చెప్పుకునేదాని కింద ఈ చక్రం తిరుగుతూ ఉంటుంది.

ఆ మరుసటి ఏడాది పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. ఉద్యమం జిల్లాలు దాటింది, కర్నూలు, కడప పల్లెలకూ వచ్చింది. సారా పాటలు జరగనివ్వమని ఆడవాళ్ళు అడ్డం పడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం కూడా వచ్చి, రెండేళ్ళకు సడలిపోయింది. తాగి తన్నే మొగుళ్ళ మీద ఆడవాళ్ళు చేసిన పోరాటంగానే దాన్ని చెప్పుకుంటాం. సీమ వరకు అది ఇంకో పని కూడా చేసింది. పెద్ద మిద్దెల్లోని ట్రంకుపెట్టెల్లోకి వచ్చే ఒక కాలువకు అడ్డుకట్ట వేసింది. కొడవలి ముట్టకుండానే.

*

ఇప్పుడు మళ్ళీ 1991లోని ఆ మిద్దెకు, ఆ మధ్యాహ్నానికి రండి. జీపు ఒకటి దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. దిగినవాడు మాట్లాడడు, తలగుడ్డ తీసి మొగం తుడుచుకుంటాడు. అరుగు మీద ఉన్నవాళ్ళు పరిగెత్తుతారు. ఎవరూ ఏమీ చెప్పకముందే ఆమె లేచి నిలబడింది.

కర్నూలు పెద్దాసుపత్రిలో పోస్టుమార్టం గది బయట చెట్టు కింద కూర్చోవాలి. సంతకాలు పెట్టాలి. ఎవరెవరి మీద అనుమానమో పోలీసులకు చెప్పాలి. పక్కన నిలబడ్డ బంధువులు ఒక్కో పేరు అందిస్తుంటారు, అక్కడ ఉన్నవాడి పేరూ, లేనివాడి పేరూ. ఎదుటి పార్టీలో కాస్త తల ఎత్తగలవాళ్ళందరినీ ముద్దాయిలను చేస్తే కొన్నేళ్ళు వాళ్ళకు కోర్టుల చుట్టూ తిరగడమే సరిపోతుందని లెక్క. మొగుడి శవం ఇంకా చేతికి రాలేదు. ఆమె పెట్టే సంతకం మాత్రం అప్పుడే ఇరవై ఇళ్ళ తలరాత మారుస్తోంది.

దినకర్మలయ్యాక చూడండి. పడసాల నిండా మనుషులు. మొదటిసారి వాళ్ళు ఆమె ముందు గొంతు తగ్గించడం లేదు. అన్నీ ఆమెకే చెబుతున్నారు. పద్నాలుగేళ్ళ కొడుకును తెచ్చి మధ్యలో కూర్చోబెట్టారు.

"అబ్బాయి ఎదిగేదాకా ఏంటికమ్మా? మేము లేమా? నువ్వు ఊ అను, సాలు" అంటాడు వరసకు మరిది అయినవాడు.

ఆమె కొడుకు వైపు చూడదు. పుస్తకం తీసి ముందు పెట్టుకుంటుంది.

"జైల్లో ఎంతమంది ఉండారు?" అంటుంది.

"తొమ్మిదిమంది వదినా."

"బయట కేసులున్నోళ్ళు?"

"ముప్పై దాకా ఉంటారు."

"ముందు వాళ్ళ వాయిదాలు చెప్పండి. తర్వాత చూద్దాం."

మన సినిమాల్లో ఈ ఘట్టంలో ఆమె తాళి తెంచి కొడుకు చేతిలో పెట్టి శపథం చేయిస్తుంది. ఇక్కడ ఆమె అడిగింది వాయిదాల తేదీలు. మొగుడి నుంచి ఆమెకు సంక్రమించింది పగ ఒక్కటే అయితే, కాదనుకునే వీలు ఉండేది. తొమ్మిది ఇళ్ళ తిండి, ముప్పై మంది బెయిళ్ళు, చచ్చిపోయినవాళ్ళ కూతుళ్ళ పెళ్ళిళ్ళు కూడా సంక్రమించాయి. ఆమె ఈ రోజు తలుపేసుకుని పుట్టింటికి పోతే ఆ కుటుంబాలన్నీ వీధిన పడతాయి. అంతేకాదు, దిక్కులేని మందిని ఎదుటి పార్టీ ఒక్కొక్కణ్ణే ఏరుకుంటుంది. ఆమె పెద్దదిక్కు అయింది పట్టుదల వల్ల కాదు, ఆ పుస్తకం మూసే దారి కనబడక.

*

ఆదోని కోర్టు వరండా. మధ్యాహ్నం ఎండ సగం మెట్ల దాకా వచ్చింది. ఒకవైపు గోడకు ఆనుకుని ఒక పార్టీ ఆడవాళ్ళు, ఎదురు గోడకు ఇంకో పార్టీ ఆడవాళ్ళు. మధ్యలో పోలీసులు. ఇటు అన్నం క్యారియర్లు, అటు అన్నం క్యారియర్లు. ఇటు పిల్లలు అటు పరిగెత్తితే తల్లులు గబుక్కున లాక్కొస్తున్నారు. ఏళ్ళ తరబడి ఇలా ఎదురెదురుగా కూర్చున్న ఆడవాళ్ళకు ఒకరి చీరలు ఒకరికి తెలుసు, ఒకరి బిడ్డలు ఎంత ఎదిగారో ఒకరికి తెలుసు. మాటలు మాత్రం లేవు.

ఈ వరండాను వదిలి వెళ్ళకండి. 2014 డిసెంబరులో ఈ ఊరి కోర్టులోనే ఒక తీర్పు వచ్చింది. దాని కథ తెలియాలంటే ఆరేళ్ళు వెనక్కి, కోడుమూరు దాపుల మాదాపురం దగ్గరికి వెళ్ళాలి.

2008 మే నెల. దేవనకొండ మండలం కప్పట్రాళ్ళకు చెందిన నాయకుడు వెంకటప్పనాయుడు, ఆయన మనుషులు ఆ దారిన వస్తుండగా ప్రత్యర్థులు దాడి చేశారు. వెంకటప్పనాయుడితో కలిపి 11 మంది చనిపోయారు. ఒకే దాడిలో పదకొండు శవాలు. కర్నూలు జిల్లా కక్షల చరిత్రలో కూడా అది మామూలు మాట కాదు.

ఆ కేసులో ఆదోని కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. ఆ రోజు వరండాలో నిలబడ్డట్టు ఊహించండి. వాళ్ళను వ్యానెక్కిస్తుంటే ఆడవాళ్ళు చక్రాల దాకా పోయి ఉంటారు. కొన్నేళ్ళ కిందట చనిపోయినవాళ్ళు పదకొండు మంది. ఇప్పుడు జైలుపాలైనవాళ్ళు ఇరవై ఒక్కరు. మొత్తం కలిపి ముప్పై ఇద్దరు, వాళ్ళ వెనక మగదిక్కు పోయిన గడపలు. ఏ పార్టీ గెలిచిందో చెప్పండి.

కప్పట్రాళ్ళకు రండి. పిల్లల ఫీజులు, ఎద్దుల మేత, విత్తనాల అప్పు, ఆస్తి కాగితాలు అన్నీ ఆడవాళ్ళ చేతికొచ్చిన వీధులు ఇవి. వాళ్ళలో ఎవరూ కత్తి పట్టలేదు, ఎవరికీ బిరుదులు రాలేదు. 2015లో అప్పటి కర్నూలు జిల్లా ఎస్పీ ఆకే రవికృష్ణ ఈ ఊరిని దత్తత తీసుకున్నారు. పికెట్ పెట్టడానికి మాత్రమే పోలీసులు వచ్చిన ఊరికి, బడి ఎలా ఉంది, నీళ్ళు వస్తున్నాయా అని అడగడానికి పోలీసు అధికారి వచ్చాడు. అడిగితే సమాధానం చెప్పడానికి అక్కడ ఉన్నది ఎక్కువగా ఆడవాళ్ళే.

*

ఇంకో దారి ఉంది. అది అసెంబ్లీకి పోతుంది.

2005 జనవరి 24న అనంతపురంలో తెలుగుదేశం పార్టీ ఆఫీసు దగ్గర పెనుకొండ ఎమ్మెల్యే పరిటాల రవిని చంపారు. ఆ ఏడాదే పెనుకొండ ఉప ఎన్నికలో ఆయన భార్య సునీత గెలిచారు. తర్వాత మంత్రి అయ్యారు. అంతకు ముందు ఏడాది అదే పెనుకొండలో రవి మీద పోటీ చేసి ఓడిపోయింది గంగుల భానుమతి, మద్దెలచెరువు సూరి భార్య. సూరిని 2011 జనవరిలో హైదరాబాదులో చంపారు. పోస్టర్ల మీద ఎదురెదురుగా నిలబడ్డ రెండు ఇళ్ళు. చివరికి రెండు ఇళ్ళలోనూ భార్యలు భర్తలను పోగొట్టుకున్నారు.

పత్తికొండకు రండి. 2017 మే 21న చెరుకులపాడు నారాయణరెడ్డి అనే నాయకుణ్ణి కృష్ణగిరి మండలంలో దారికాచి చంపారు. ఆయన భార్య కంగాటి శ్రీదేవి 2019లో పత్తికొండ నుంచి శాసనసభకు గెలిచారు. భర్త ప్రచారం చేసిన వీధుల్లోనే ఆమె ఓట్లు అడిగారు. ఆమెకు నమస్కారం పెట్టిన ప్రతి చేతికీ, అంతకు ముందు ఆయన ఏదో మాట ఇచ్చే ఉంటాడు.

ఇప్పుడు ఆళ్ళగడ్డ. ఇక్కడ కథ హత్యది కాదు. 2014 ఏప్రిల్‌లో ప్రచారం ముగించుకుని రాత్రిపూట ఇంటికి వస్తున్న ఆళ్ళగడ్డ అభ్యర్థి శోభా నాగిరెడ్డి కారు ప్రమాదానికి గురైంది. ఆమె ఏప్రిల్ 24న కన్నుమూశారు. మే 7న పోలింగు. పోలింగు బూతు బయట వరసలో నిలబడండి. ముందున్న ముసలావిడ చెంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. యంత్రం మీద పేరు అలాగే ఉంది. నొక్కింది. బతికిలేని మనిషిని ఆ నియోజకవర్గం గెలిపించింది. ఆ తర్వాత ఉప ఎన్నికలో కూతురు అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 2017లో తండ్రి భూమా నాగిరెడ్డి గుండెపోటుతో పోయిన కొద్ది వారాలకే మంత్రి అయ్యారు.

ఈ స్త్రీలు రాజకీయ నాయకులు, ఎక్కువమంది ప్రజాప్రతినిధులుగా గెలిచినవాళ్ళు. నవలల్లోని ముఠా నాయికల వరసలో వీళ్ళను నిలబెట్టడం అన్యాయం. వీళ్ళ జీవితాలు మనకు చెప్పేది ఒకటి ఉంది. మగవాడు పోయాక కుటుంబం మీద ఆధారపడ్డ జనం ఎటూ చెదిరిపోకుండా ఒకచోట నిలవాలంటే, ఒక మనిషి నిలబడాలి. 1991లో ఆ మనిషి పడసాలలో చాప మీద కూర్చుంది. తర్వాతి కాలంలో ఆ మనిషి నామినేషను కాగితం మీద సంతకం పెట్టింది. కొడవలికి బదులు ఓటు వచ్చిందంటే చిన్న మార్పు కాదు. అయితే టికెట్టు ఇచ్చే పార్టీలకు కావలసింది ఆమె తెలివి కంటే ఆమె వెనకున్న మంది, ఆమె మీద జనానికున్న జాలి. ఆ రెండిటినీ దాటి తన రాజకీయం తాను చేయడం ప్రతి ఒక్కరికీ రెండో పోరాటం.

*

ఈ పద్ధతి మూలం చూడాలంటే మళ్ళీ కోవెలకుంట్లకు రావాలి. 1847 ఫిబ్రవరి 22. ఇంగ్లీషు కంపెనీ మీద తిరగబడ్డ పాలెగాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఇక్కడ ఉరితీశారు. తలను కోట గుమ్మానికి వేలాడదీసి ముప్పై ఏళ్ళు అలాగే ఉంచారు. అంతకు దాదాపు యాభై ఏళ్ళ ముందు నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి ధారాదత్తం చేశాడు. దొరల తరఫున వచ్చిన థామస్ మన్రో సుమారు 80 మంది పాలెగాళ్ళ బలాన్ని విరిచాడు. కోటలు పోయినా మందిని పోషించి పేరు నిలుపుకునే పద్ధతి పల్లెల్లో పోలేదని పెద్దలు చెబుతారు. ఆ చరిత్రలో తల తెగినవాడి పేరు ఉంది. ఆ తల కింద నుంచి ముప్పై ఏళ్ళు నడిచి నీళ్ళు తెచ్చుకున్న ఆడవాళ్ళ మాట ఒక్కటీ లేదు.

మన తెరా అదే దారిలో నడిచింది. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఇంద్ర. సుమోలు గాల్లోకి లేచాయి. తొడలు చరిచారు. థియేటర్లో ఈలలు వేసిన కుర్రాళ్ళలో కొందరి ఇళ్ళలో అదే వారం వాయిదా ఉండేది. ఆడవాళ్ళు హారతి పళ్ళెంతో, ఏడుపుతో, పెళ్ళి పాటతో తెర మీదికి వచ్చి వెళ్ళిపోయేవారు. 2018లో అరవింద సమేత వీర రాఘవ వచ్చాక గాని, కక్ష ఆగాలంటే ఆడవాళ్ళ మాట వినాలని ఒక పెద్ద హీరో సినిమా గట్టిగా అనలేదు. అందులో చివరికి ఎన్నికల్లో నిలబడేది ప్రతినాయకుడి భార్య.

సాహిత్యం ఇంతకన్నా దగ్గరికి వచ్చింది. కడప జిల్లా రంగసాయిపురంలో పుట్టిన కేతు విశ్వనాథరెడ్డి కథల్లో కక్ష వెనకాల పల్లె ఆర్థికం కనబడుతుంది. అదే జిల్లాకు చెందిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి తన కొండపొలం నవల కంటే చాలా ముందే పాలెగత్తె అనే నవల రాశారు. ఇంకా రావలసింది మూడు తరాల నవల. అత్త చేతి నుంచి కోడలికి, కోడలి నుంచి మనవరాలికి ఆ పొడుగాటి పుస్తకం ఎలా చేరిందో చెప్పే నవల.

అలాంటి నవలకు ఒక ప్రమాదం పొంచి ఉంది. మగవాడి మీసం తీసేసి ఆడమనిషికి కొడవలి ఇస్తే సరిపోతుందని రచయిత అనుకోవచ్చు. పాఠకులూ చప్పట్లు కొట్టవచ్చు. చంపమని ఆమె చెప్పే మాటలో శౌర్యం వెతికితే, మగవాళ్ళు చేసిన పాపానికే కొత్త చీర కట్టినట్టు అవుతుంది. ఇంకో రకం ధైర్యం చూడాలంటే దూరం వెళ్ళాలి: ఇటలీలోని సిసిలీ దీవిలో చీనిజీ అనే ఊరు ఉంది. అక్కడ ఫెలీచియా ఇంపస్తాతో అనే తల్లి మాఫియా కుటుంబంలోకి కోడలిగా వెళ్ళింది. ఆమె కొడుకు పెప్పీనో మాఫియాను బాహాటంగా విమర్శించినందుకు 1978 మే 9న హత్యకు గురయ్యాడు. బంధువులు పగ తీర్చుకుంటామన్నారు. ఆమె వద్దంది. నోరు మూసుకోమన్నారు. అదీ వద్దంది. కోర్టుకు వెళ్ళింది. హత్య చేయించిన గయెటానో బదలమెంతికి 2002లో యావజ్జీవ శిక్ష పడింది. ఇరవై నాలుగేళ్ళు ఆమె ఆ ఇంటి తలుపులు తెరిచే ఉంచింది, కొడుకు గురించి అడిగిన ప్రతి పిల్లవాడికీ కథ చెప్పింది. ముఠా కుటుంబాల కథల్లో అసలైన ధైర్యం ఎక్కడ ఉంటుందో ఆమె చూపించింది.

మన దగ్గర సాక్షి బోను ఎక్కడం ఎంత కష్టమో ఆ ఆదోని వరండా చూసినవాళ్ళకు తెలుసు. కేసు నడిచే ఏళ్ళలో రాజీ మాటలు వస్తాయి. సాక్షులు మాట మారుస్తారు. "ఏమీ చూళ్ళేదు సార్" అన్న ఒక్క ముక్కతో కళ్ళ ముందు జరిగిన హత్య మాయమైపోతుంది. ఆ ముక్క అనకుండా నిలబడిన ప్రతి ఆడమనిషీ తన ఊళ్ళో ఒక కోట కూల్చింది.

*

చివరగా రెండు చోట్లకు వెళదాం. ఒకటి కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఓర్వకల్లు. ఇక్కడ 1990ల నడుమ నుంచి పొదుపు సంఘాల ఆడవాళ్ళు చాపలు పరిచి కూర్చున్నారు. వాళ్ళ ముందూ లెక్కల పుస్తకం ఉంది. ఎవరికి అప్పు, ఎవరి బిడ్డకు ఫీజు, ఎవరింట్లో పెళ్ళి, అన్నీ అందులో ఉన్నాయి. పెద్ద మిద్దె గడప తొక్కకుండా ఈ అవసరాలు తీరితే, ఆ ఇంటి తరఫున కొడవలి పట్టవలసిన అగత్యం పేదవాడికి సగం తగ్గుతుంది. ఇంత పెద్ద పని చేస్తున్నామని వాళ్ళు చెప్పుకోలేదు. నేను చెబుతున్నాను.

రెండోది మళ్ళీ కప్పట్రాళ్ళ. 2024 నవంబరు. ఊరి పక్క రిజర్వు అడవిలో యురేనియం అన్వేషణకు బోర్లు వేస్తారని తెలిసి జనం రోడ్డెక్కారు. ఒకప్పుడు కక్షలు చీల్చిన ఊరు ఈసారి ఒక్కటిగా నిలబడింది. చుట్టుపక్కల ఊళ్ళూ కలిశాయి. బోర్లు వేయబోమని ప్రభుత్వం వైపు నుంచి మాట వచ్చే దాకా వాళ్ళు తగ్గలేదు. అప్పటికి పదహారేళ్ళ కిందట పదకొండు మంది హత్యతో వార్తల్లోకెక్కిన ఊరు, ఈసారి తన నేలకోసం పేపర్లకు ఎక్కింది.

సీమ నుంచి రాబోయే ఆ నవలలో నాయిక నాకు ఇలా కనబడుతోంది. ఆమెకు మంది ఉంది, పేరు ఉంది, ఊ అంటే చాలు ప్రాణం తీసేవాళ్ళు ఉన్నారు. ఆమె కథలో పెద్ద యుద్ధం ఎదుటి పార్టీతో కాదు. తన మీద ఆధారపడిన ఇళ్ళన్నిటికీ కొడవలి లేని బతుకుతెరువు చూపించి, తర్వాతే ఆ పుస్తకం మూయాలి. అంతదాకా వాళ్ళను విడిచిపెట్టకూడదు, వాళ్ళను ఎగదోయనూ కూడదు. చంపించడం కంటే చాలా కష్టమైన పని అది. ఏళ్ళు పడుతుంది, చప్పట్లు ఉండవు, కన్నకొడుకే పిరికిదానివని అనవచ్చు. ఆ పనిని కప్పట్రాళ్ళ వీధుల్లో, ఆదోని కోర్టు వరండాలో, ఓర్వకల్లు చాపల మీద పేరు లేని ఆడవాళ్ళు ఇప్పటికే చేస్తున్నారు. వాళ్ళను నాయకులని పిలవడానికి మనం ఇంకో హత్య కోసం ఎదురుచూడకూడదు.